ఆ ఆఫీసు వీరభద్రం

మా తూనికలు, కొలతల ఆఫీసులో మనిషి సీట్లో ఉన్నాడో లేడో తెలియాలంటే మనిషిని వెతకక్కర్లేదు, కుర్చీ చూస్తే చాలు. కుర్చీ వీపు మీద తువాలు ఉంటే ఆయన ఉన్నట్టు. మనిషి టీకి వెళ్ళి ఉండొచ్చు, బ్యాంకుకి వెళ్ళి ఉండొచ్చు, తోడల్లుడి గృహప్రవేశానికి పక్క జిల్లా వెళ్ళి ఉండొచ్చు. తువాలు ఉందంటే ఉన్నాడనే లెక్క. ఒకరి తువాలు ఇంకొకరు ముట్టుకోరు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఫైలు మీద ఫైలు పడెయ్యడం చూశాను, మనిషి మీద మనిషి పిటిషన్ పెట్టడం చూశాను. ఒకరి తువాలు ఇంకొకరు తియ్యడం మాత్రం చూడలేదు.

నా పేరు సన్యాసిరావు. నడిమిపాలెం జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఈ కథ మా డైరెక్టరు త్రివిక్రమం గారు రాజధానిలో మూడు రోజుల కంప్యూటర్ శిక్షణకి వెళ్ళడంతో మొదలైంది. నిజానికి ఆయన రెండు రోజులే వెళ్ళారు. మూడో రోజు ఎవరిదో సన్మానం ఉండి ఎగ్గొట్టారు. మా దరిద్రమంతా ఆ మూడో రోజులో ఉంది.

రెండో రోజు పాఠంలో ఆయనకి ఫోర్క్ అనే విద్య తెలిసింది. నడుస్తున్న ప్రోగ్రాము తనంతట తానే రెండుగా చీలుతుందట. అచ్చం తనలాంటిదే ఇంకొకటి, అదే జ్ఞాపకంతో, అదే లెక్కతో, రెప్పపాటులో పుట్టేస్తుందట. అప్పటికే మా జిల్లాని రెండు చేసి కొత్తరేవు అనే కొత్త జిల్లా ప్రకటించారు. దాని ఆఫీసు ఏర్పాటు ఏడు నెలలుగా కమిటీలో నానుతోంది. డైరెక్టరు గారు కమిటీని రద్దు చేసి సర్క్యులర్ పంపారు.

“నూతన కార్యాలయము మాతృ కార్యాలయమునకు సర్వవిధముల ప్రతిరూపమై యుండవలెను. విభజన క్షణమున మాతృ కార్యాలయమున ఏది ఎట్లున్నదో, నూతన కార్యాలయమున అది అట్లే యుండవలెను. హెచ్చుతగ్గులకు సంబంధిత సిబ్బంది బాధ్యత వహించవలెను.”

కాంట్రాక్టు గవరయ్య అనే ఆయనకి దక్కింది. గవరయ్య మాటంటే మాటే. మా ఆఫీసు కొలతలు తీసుకున్నాడు, ఫొటోలు తీసుకున్నాడు, కొత్తరేవులో అద్దె బిల్డింగులో మొదలెట్టాడు. మా సీలింగు ఫ్యానుకి మూడు రెక్కల్లో ఒకటి లేదు. అక్కడ కొత్త ఫ్యాను బిగించి ఒక రెక్క ఊడదీశాడు. మా గోడకి పగులుంది. అక్కడ మేస్త్రీని పెట్టి పగలగొట్టించాడు. ఆ పగులు మాదానికంటే నాలుగంగుళాలు పొడుగైందని డైరెక్టరేట్ నుంచి వచ్చిన పరిశీలకుడు అభ్యంతరం చెబితే, ఇక్కడికొచ్చి మా పగులుని నాలుగంగుళాలు పెంచి వెళ్ళాడు. మా క్యాలెండర్ మార్చి దగ్గర ఆగిపోయింది కాబట్టి అక్కడి క్యాలెండర్ కూడా మార్చి దగ్గరే ఆపాడు. మా గోడ మీద తిరిగే బల్లిని ఏం చెయ్యమంటారని గవరయ్య రాతపూర్వకంగా అడిగాడు. “సజీవుల విషయము పరిశీలనలో యున్నది” అని జవాబు వచ్చింది.

ఆ జవాబు అప్పుడే జాగ్రత్తగా చదవాల్సింది. మా సూపరింటెండెంటు చదివాడు గానీ బల్లి గురించే అనుకున్నాడు.

విభజన ముహూర్తం నాలుగో తారీకు పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకి. ఉత్తర్వు మీద ఆఫీసు ముద్ర వెయ్యాల్సింది ఎవరు? ముద్ర నా బల్ల మీదే ఉంటుంది కాబట్టి నేను. సరిగ్గా నలభై రెండుకి ముద్ర వేశాను. ఫోన్లో డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. “సంపూర్ణం. ఇక మీరు కొత్తరేవు వెళ్ళవచ్చును,” అన్నారు.

“మిగతావాళ్ళండీ?” అన్నాను.

“మిగతావారి రికార్డులన్నీ అక్కడికి చేరినవి కదా,” అన్నారు.

అటు వెళ్ళి చూద్దును కదా, ఎనిమిది కుర్చీలు, ఎనిమిది తువాళ్ళు. సూపరింటెండెంటు గారి గళ్ళ తువాలు, డెస్పాచ్ గుమాస్తా మరక తువాలు, మరకతో సహా. హాజరుపట్టీలో ఎనిమిది సంతకాలు, మా ఆఫీసు పేజీకి కలర్ జిరాక్సు. మనుషుల్లో మాత్రం నేనొక్కణ్ణే. సన్యాసిరావని మా నాన్న ఏ ముహూర్తాన పేరు పెట్టాడో గానీ, ఆ రోజుకి సార్థకమైంది.

పరీక్ష గది తలుపుకి తాళం. తాళం పక్కన చీటీ: “ఇప్పుడే వస్తాను – వీరభద్రం.”

వీరభద్రం మా పరీక్ష గది అసిస్టెంటు. ఊళ్ళోవాళ్ళు తెచ్చే కాటాలని పరీక్ష చేయించి, ముద్ర పడ్డాక తిరిగి ఇచ్చేది ఆయనే. పదకొండున్నరకి టీకి వెళ్ళడం ఆయన నియమం. గది తాళం వేసి, ఆ చీటీ అంటించి, తాళంచెవి జేబులో వేసుకుని వెళతాడు. నలభై రెండుకి ఆయన టీ కొట్టు దగ్గరున్నాడు. కాబట్టి అక్కడ గది తాళం వేసి ఉంది, ఇక్కడా వేసి ఉండాలి. అక్కడ చీటీ ఉంది, ఇక్కడా ఉండాలి. అక్కడ తాళంచెవి వీరభద్రం జేబులో ఉంది.

గవరయ్య నా ముందే డైరెక్టరేట్‌కి ఫోన్ చేశాడు. “సార్, ఈ కొత్త తాళంచెవి ఎక్కడ పెట్టమంటారండీ?”

“వీరభద్రం జేబులో,” అని జవాబు.

“చిత్తం,” అన్నాడు గవరయ్య. బిల్లు మీద నా సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పోలమ్మ వచ్చింది. గొల్లలరేవులో చేపలమ్ముతుంది. ఇన్నాళ్ళూ కుప్పలుగా పోసి, కుప్పకింత అని అమ్మేది. హైవే మీద కొత్త హోటలాయన రోజూ ఇరవై కిలోలు తీసుకుంటానన్నాడు. కానీ కుప్పలు కుదరవు, ముద్ర పడ్డ కాటా మీద తూస్తేనే, అదీ నెలాఖరులోపు కాటా తెచ్చి చూపిస్తేనే అన్నాడు. లేకపోతే ఆ వాడుక ఇంకొకరికి. పోలమ్మ కాటా కొంది, ఒకటో తారీకున మా పాత ఆఫీసులో ఇచ్చింది. మూడున ముద్ర పడింది. గొల్లలరేవు కొత్తరేవు పరిధిలోకి వచ్చింది కాబట్టి ఆ సాయంత్రమే కాటా వ్యానెక్కి ఇక్కడికి వచ్చి, ఆ తలుపు వెనక కూచుంది.

“నా కాటా ఇచ్చీ బావూ, ఎలిపోతాను,” అంది.

రిజిస్టరు చూశాను. ముద్ర వేయబడినది. అప్పగించవలసినవారు: వీరభద్రం.

“వీరభద్రం గారు లేరమ్మా.”

“నేరా? మరి ఆ తువ్వాలెవుడిది?”

“ఆయనదే.”

“మరి ఉన్నట్టే గదా,” అంది పోలమ్మ. చీటీ మీద ఏం రాసుందో చదివించుకుంది. “ఇప్పుడే వత్తాడంట. కూకుంటాను నాను,” అని బెంచీ మీద కూచుంది.

సాయంత్రం ఐదు దాకా కూచుంది. ఆవిడ వెళ్ళాక ఆవిడ అర్జీని పద్ధతి ప్రకారం వీరభద్రం బల్ల మీది ట్రేలో పెట్టాను. ఆ రోజు వచ్చిన మిగతా అర్జీలు కూడా ఏ సీటువి ఆ సీటు ట్రేలో పెట్టాను. ఏ పని ఎవరిదో రాసి ఉంది. చెయ్యడానికి తువాలు సిద్ధంగా ఉంది. నేను నా అంతట నేను చేద్దామంటే, మనిషి సీట్లో ఉండగా వాడి పని ఇంకొకడు చెయ్యడం క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది.

మూడో రోజు పోలమ్మ బస్సెక్కి నడిమిపాలెం వెళ్ళి అసలు వీరభద్రాన్నే పట్టుకుంది. ఏం జరిగిందో మర్నాడు వచ్చి నాకు చెప్పింది.

ఆయన అన్నాడట, “నేను టీ తాగి వచ్చి తాళం తీసేశానమ్మా. చీటీ కూడా చింపేశాను. చూడు కావాలంటే.”

“ఇక్కడ కాదు బావూ, అక్కడ తాళం.”

“అక్కడి తాళం నేను వెయ్యలేదు. ఆ ఆఫీసు వీరభద్రం వేశాడు.”

“ఆడెవుడు?”

“నేనే. కానీ అక్కడి నేను. అక్కడి తాళం నేను తీస్తే అది పరిధి ఉల్లంఘన. ఆయన్నే అడగండి.”

“ఆడు రాలేదు బావూ.”

“టీకి వెళ్ళుంటాడు. నా అలవాటు నాకు తెలీదా,” అన్నాడట వీరభద్రం, కాస్త గర్వంగానే.

పోలమ్మ ఇదంతా చెప్పి నా వైపు చూసింది. “ఒక మాట సెప్పు బావూ. నానూ ఇద్దరం ఉన్నానా? అక్కడి పోలమ్మకి కాటా ఇచ్చీసుంటే సెప్పీ, దానికాడికే ఎల్తాను.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆవిడకి ఇంకా ఇరవై రెండు రోజులుంది.

పై అధికారులకి రాశాను. సిబ్బంది ఎనిమిది మంది భౌతికంగా లేరని, తాళం పగలగొట్టడానికి అనుమతి ఇవ్వాలని. పది రోజులకి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది: “తాళము పగులగొట్టుటకు సదరు గది బాధ్యుని లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. శ్రీ వీరభద్రము గారి సంతకము జతపరచి పునః సమర్పించవలెను.” రెండోది ప్రశంసాపత్రం. రాష్ట్రంలోకెల్లా నూటికి నూరు శాతం హాజరు ఉన్న ఆఫీసు మాదొక్కటేనట. ఒక్క లేటు లేదు, ఒక్క సెలవు లేదు, ఒక్క మెడికల్ సర్టిఫికెట్ లేదు. “ఇట్టి సిబ్బందిని తీర్చిదిద్దిన మీకు అభినందనలు” అని డైరెక్టరు గారు స్వహస్తాలతో సంతకం పెట్టారు. ఫ్రేము కట్టించి పంపారు. అలాంటి ఫ్రేమే నడిమిపాలెంలోనూ తగిలించారట, ప్రతిరూపం చెడకూడదని.

ఇరవయ్యో తారీకున మా కంప్యూటర్ బాగుచెయ్యడానికి హిమజ అనే అమ్మాయి వచ్చింది. డైరెక్టరు గారికి శిక్షణ ఇచ్చింది ఈ అమ్మాయే. గుమ్మంలో నిలబడి ఎనిమిది తువాళ్ళూ చూసింది, నిండిపోయిన ట్రేలు చూసింది, తలుపు మీది చీటీ చదివింది. నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూచుంది.

“ఫోర్క్ చేశారా?” అంది.

“చేశారమ్మా.”

“మూడో రోజు పాఠం వినకుండా చేశారు.”

“మూడో రోజు ఏం చెప్పావమ్మా?”

“పెద్ద ప్రోగ్రాము తన పనులు చెయ్యడానికి కొంతమంది పనివాళ్ళని ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుంటుందండీ. ఒక్కొక్కణ్ణి థ్రెడ్ అంటాం, ఆ గుంపుని థ్రెడ్ పూల్ అంటాం. ఫోర్క్ చేస్తే జ్ఞాపకం మొత్తం అటు వస్తుంది. కానీ పనివాళ్ళలో ఫోర్క్ చేసినవాడు ఒక్కడే వస్తాడు. మిగతావాళ్ళ పేర్లు వస్తాయి, వాళ్ళు వేసిన తాళాలు వస్తాయి, వాళ్ళు రారు. అటు పుట్టినది మాత్రం నాకు ఎనిమిది మంది ఉన్నారనుకుని పని ఇస్తూనే ఉంటుంది. తాళం ఎప్పుడు తీస్తారా అని చూస్తూనే ఉంటుంది.”

“ఎంతసేపు చూస్తుంది?”

“ఎప్పటికీనండీ.”

బెంచీ మీద పోలమ్మ అంతా విని, “ఆ పిల్లకి మన ఆపీసు సంగతి ఎవుడు సెప్పీసాడు?” అంది.

హిమజ మందు కూడా చెప్పింది. చీల్చే ముందు చీల్చేవాడు తాళాలన్నీ తన చేతిలోకి తీసుకోవాలి. చీలిపోయాక ఇక్కడా అక్కడా తీసెయ్యాలి. కొత్తగా పుట్టినవాడు పాత పనివాళ్ళ లెక్క కొట్టేసి, అవసరమైతే కొత్తవాళ్ళని పెట్టుకోవాలి. అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటలన్నీ రాసి, ఆ అమ్మాయి చేతే సంతకం పెట్టించి డైరెక్టరేట్‌కి పంపాను.

ఇరవై ఆరున వీడియో కాన్ఫరెన్సు. డైరెక్టరు గారు మొహం వెలిగిపోతూ కనిపించారు.

“సిబ్బంది చేతిలో పని ఉండగా విభజన జరుగుటయే అనర్థమునకు మూలమని నిపుణుల నివేదిక తేల్చినది,” అన్నారు. “భవిష్యత్తులో ఏ జిల్లా ఏ క్షణమున విభజింపబడునో చెప్పజాలము. కావున ప్రతి కార్యాలయము, ప్రతి క్షణము, విభజనకు సిద్ధముగా ఉండవలెను. నేటి నుండి ఏ ఉద్యోగి చేతిలోనూ ఏ పనీ ఉండరాదు.”

నియమావళి ఆ సాయంత్రమే వచ్చింది. తాళం వెయ్యకూడదు. తాళం తీస్తే మళ్ళీ వెయ్యాల్సి వస్తుంది కాబట్టి తియ్యనూ కూడదు. ఫైలు విప్పకూడదు. వాక్యం మధ్యలో విభజన జరిగితే సగం వాక్యం అటు పోతుంది కాబట్టి వాక్యాలు ప్రారంభించకూడదు. టీ సగం తాగి ఉండకూడదు. నడిమిపాలెం నుంచి మా సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారట. వీరభద్రం టీ మానేశాడట. “ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదయ్యా. తుమ్ము వస్తే మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంది,” అన్నాడు.

“మా తాళం సంగతేమిటండీ?”

“అది పాత విభజన కదా. నియమాలు ముందుకే వర్తిస్తాయి, వెనక్కి వర్తించవు.”

ముప్పయ్యో తారీకు పొద్దున్న పదింటికి పోలమ్మ వచ్చింది. వానలో తడిసి ముద్దయిపోయింది. హోటలాయన మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తానన్నాడట. ఆపైన రేవులో ఇంకో మనిషికి వాడుక ఇచ్చేస్తాడట. ఆ మనిషి కాటా పట్టుకుని హోటలు గుమ్మంలో కూచునే ఉందట.

“నాలుగు వారాలు కూకున్నాను బావూ. ఆడు రాలేదు. ఇంక ఆడు రాడు. నీకూ తెల్సు, నాకూ తెల్సు,” అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది నాకు.

నేను తల వంచుకుని ట్రేలోని కాయితాలు సర్దుతున్నాను. మొహమంతా నీళ్ళు కారుతుంటే పోలమ్మ అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న కుర్చీ మీది తువాలు లాగి మొహం తుడుచుకుంది.

“అమ్మా, అది వీరభద్రం గారిది,” అన్నాను.

“అయితే రమ్మను, అడగమను,” అంది పోలమ్మ. “అబ్బా, ఏటిది గుచ్చుకుంది?”

తువాలు కొస మడిచి, రెండు పక్కలా పిన్నీసులు పెట్టి ఉంది. అచ్చం జేబులాగా. అందులో తాళంచెవి.

గవరయ్య మాటంటే మాటే అని ముందే చెప్పాను. వీరభద్రం జేబులో పెట్టమన్నారు. ఇక్కడ వీరభద్రం అన్నవాడికి తువాలు తప్ప ఏమీ లేదు. పాపం, ఉన్నదానికే జేబు చేసి పెట్టాడు. నాలుగు వారాలు ఆ తాళంచెవి నా కుర్చీకి మూడడుగుల దూరంలో వేలాడుతోంది. నేను తలుపు పగలగొట్టడానికి అనుమతి అడుగుతూ కూచున్నాను. నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.

“తియ్యి బావూ, సూత్తావేటి,” అంది పోలమ్మ.

నియమావళి ప్రకారం తాళం తియ్యకూడదు. తీశాను. కాటా అక్కడే ఉంది, ముద్రతో, కాయితం దారంతో కట్టి ఉంది. పోలమ్మ దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, తడి చెప్పులతో ఆటో కోసం పరిగెత్తింది. తువాలు కూడా పట్టుకుపోయింది.

ఆవిడ వెళ్ళాక ఆ ఖాళీ కుర్చీ వైపు చాలాసేపు చూశాను. అది ఉత్త కుర్చీలా ఉంది. నాకేదో పూనకం వచ్చినట్టయింది. లేచి మిగతా ఏడు తువాళ్ళూ లాగి పారేశాను, గళ్ళది, మరకది, అన్నీ. చీటీ పీకేశాను. హాజరుపట్టీలో ఎనిమిది పేర్లు కొట్టేశాను. తరవాత ఒక్కొక్క ట్రే తెచ్చుకుని నా బల్ల మీద పెట్టుకుని చెయ్యడం మొదలెట్టాను. ఎవరి కోసమూ చూడక్కర్లేకపోతే పని ఎంత తేలికో ఆ రోజే తెలిసింది. నాలుగు వారాల అర్జీలు పదకొండు రోజుల్లో అయిపోయాయి. నవ్వుకుంటూ చేశాను, సిగ్గులేకుండా ఈల కూడా వేశాను.

పన్నెండో రోజు మెమో వచ్చింది. “నూటికి నూరు శాతముగా ఉన్న హాజరు ఒక్కసారిగా పదకొండు శాతమునకు పడిపోయినది. ఒకే దినమున ఎనిమిది మంది ఉద్యోగులు ఎందుకు గైర్హాజరైరి? వారు ఎక్కడ ఉన్నారు? ఎప్పుడు వచ్చెదరు? మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.”

నా ఉద్యోగం ఆ మూడు ప్రశ్నల మీద ఉంది. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు పీకేసిన చీటీ సొరుగులో కనిపించింది. దాన్ని చూసి ఒక్క వాక్యం రాసి పంపాను.

“ఇప్పుడే వస్తారు.”

వారంలో జవాబు వచ్చింది. “సంజాయిషీ తృప్తికరముగా ఉన్నది. ఫైలు మూసివేయడమైనది.”

ఆ రోజు పదకొండింటికి పోలమ్మ హోటలుకి చేపలిచ్చి తిరిగి వెళుతూ, రోజూ ఆగినట్టే మా గుమ్మం దగ్గర ఆగింది. వీరభద్రం తువాలు ఉతికి, మడిచి తెచ్చింది. నా బల్ల మీద పెట్టి ఖాళీ కుర్చీల వైపు చూసింది.

“ఈరబద్రం బావు వచ్చీసాడా?”

“ఇప్పుడే వస్తాడని పైకి రాశానమ్మా. వాళ్ళు నమ్మారు.”

పోలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, బల్ల మీద పెట్టిన తువాలు మళ్ళీ తీసి తట్టలో వేసుకుంది.

“వద్దు బావూ, ఇది నాకాడే ఉండనీ,” అంది. “ఇక్కడెడితే ఆడు నిజంగా వచ్చీగలడు.”